జమాదారుకి నేను తగిలించిన విశేషణం

రాజురాలో నేను పనిచేసిన సర్కారీ కచేరీ ఏదో చెప్పను. చెప్పుకునేంత గొప్పదేం కాదు. ముందు గదిలో పెద్ద గుమాస్తా, ఆయన్ని పేష్కారు అనేవాళ్లం. వెనక గదిలో పాత కాగితాల మూటలు. మధ్య వసారాలో చాపల మీద మేం నలుగురం మున్షీలం. నిజాం పాలన పోయి ఏళ్లు గడిచినా మా కచేరీని ఉర్దూ వదల్లేదు. నాకు అప్పటికి ఇరవై మూడేళ్లు. ఇంట్లో తెలుగు, మా నాన్న కిరాణా కొట్లో మరాఠీ, బళ్లో ఉర్దూ. మూడూ బాగా వచ్చు కాబట్టి తెలివంతా నా దగ్గరే ఉందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మనిషి ఎదురుపడితే చెవి మెలిపెట్టి బయటికి గెంటేస్తాను.

ఆ కచేరీలో పనికి విలువ లేదు, మాటకి ఉండేది. వాగు పొంగి రెండు ఎడ్లు కొట్టుకుపోయాయని రైతు అర్జీ పెట్టుకుంటే, దానిమీద పేష్కారు ఒక పేజీ రాసేవాడు. ఆ పేజీలో ఎడ్లు ఎక్కడా కనిపించేవి కావు. ‘ఖౌఫ్‌నాక్’ వరద, ‘ఖౌఫ్‌నాక్’ గాలి, ‘ఖౌఫ్‌నాక్’ నష్టం. భయంకరమైనదేదైనా ఆయనకి ఆ ఒక్క మాటే. దాన్ని రాసి, కలం పక్కన పెట్టి, మా నలుగురి మొహాలూ చూసేవాడు. మేం తల ఊపాలి. రైతు అరుగు మీద కూర్చుని, తన ఎడ్ల సంగతి ఇంత పెద్దగా రాస్తున్నారు కదా అని మురిసిపోయేవాడు. మురిసిపోయి ఇంటికి వెళ్లేవాడు. అంతకన్నా అతనికి ఏమీ దక్కేది కాదు.

నాకు పేష్కారంటే ఒళ్లుమంట. ఆయన్ని మించిన మాట ఒకటి నా దగ్గర ఉండాలని నా కోరిక. అలాంటి కోరికతో మనిషి ఎంత దిగజారతాడో చెప్పడానికే ఇదంతా.

వెనక గదికి కాపలా ఒక అరబ్బు జమాదారు. ఆయన తండ్రి అరబ్బు దేశం నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరాడట. ఈయన పుట్టింది, పెరిగింది మాత్రం ఇక్కడే. మాతో తెలుగే మాట్లాడేవాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, ఆరడుగుల పొడుగు, గోరింట పెట్టిన గడ్డం. నడుముకి వెడల్పాటి తోలు పట్టీ ఉండేది, దానికి ఒక ఒర. అందులో బాకు లేదు. నలభై ఎనిమిదిలో నిజాం మీదికి భారత సైన్యం వచ్చినప్పుడు లాక్కున్నారు. ఒర మాత్రం ఆయన తీసేయలేదు. మేం చాటుగా దాన్ని చూసి నవ్వుకునేవాళ్లం.

ఆ వేషం చూసి కొత్తవాళ్లు జంకేవారేమో గానీ రాజురాలో ఎవరూ ఆయనకి భయపడేవారు కాదు. అర్జీలు పట్టుకుని వచ్చే ముసలమ్మలకి కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చేవాడు. ఏ మున్షీ దగ్గరికి వెళ్తే కసురుకోకుండా చూస్తాడో చెవిలో చెప్పేవాడు. నా దగ్గరికి ఎవర్నీ పంపేవాడు కాదు.

ఆయనకి ఒక్క అక్షరం రాదు. కానీ వెనక గదిలో ఉన్న వందల మూటల్లో ఏ ఊరి కాగితాలు ఎందులో ఉన్నాయో ఆయనకే తెలుసు. మూటకి కట్టే ముడిని బట్టి గుర్తుపెట్టుకునేవాడు. వర్ధా నది ఒడ్డు ఊళ్లకి జంట ముడి, కోర్పణా వైపు ఊళ్లకి చెవుల ముడి, తగాదాలో ఉన్న భూములకి బిగించి మెలివేసిన ముడి. చీకటి గదిలో చేత్తో తడిమి క్షణంలో మూట తెచ్చి ముందు పెట్టేవాడు. మేం చదువుకున్నవాళ్లం, మాకు గంట పట్టేది. ఆ విద్యని మేం విద్య అనుకోలేదు. ముడులు వేయడం పశువుల కాపరి కూడా చేస్తాడని మా లెక్క.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆయన పక్కన చేరి, నాకు అరబ్బీ నేర్పమన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

“నాకేం వస్తది బేటా. నమాజ్ వస్తది, దాని మతలబు తెల్వది. మా బావా, అంటే మా నాయిన, ఇంట్ల మాట్లాడిన మాటలు పదో ఇరవయ్యో యాదికున్నయి.”

“అవే చెప్పండి జమాదార్ సాబ్.”

చెప్పాడు. నీళ్లు, రొట్టె, రా, పో, ఇక చాలు. నాకు విసుగొచ్చింది. వీటితో పేష్కారుని ఏం పడగొట్టగలను? భయంకరమైనదాన్ని మీ నాన్న ఏమనేవాడని అడిగాను. ఆయన గడ్డం గోక్కుని, “ముఖీఫ్” అన్నాడు.

“అంటే?”

“భయం పెట్టేదేదైనా ముఖీఫే. కరిసే కుక్క ముఖీఫ్. గోడ లేని బావి ముఖీఫ్. వర్ధా మీద పడవెక్కుడు, అదైతే శానా ముఖీఫ్. మేం పిల్లలుండంగ మా బావా రోజుకు పదిసార్లన్నా అంటుండె.”

ఆయన వేళ్ల మీద లెక్కపెడుతూ ఇంకా చెప్పుకుపోయాడు. ఇంటి చూరు కింద కందిరీగల తుట్టె, మొగుడి మీద కోపంతో ఉన్న పెళ్లాం, దగ్గు తగ్గని పిల్ల. చెబుతున్నంతసేపూ ఆ పెద్ద మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. నేను మాత్రం ఆ మాటని నోట్లో తిప్పి చూసుకుంటున్నాను. గొంతు లోపలినుంచి గరగరమంటూ వచ్చే ఆ ‘ఖీ’ నాకు తెగ నచ్చింది.

“కానీ బేటా, ఇది ఇంట్ల మాట. కాయిదం మీద రాసే మాట గాదు” అన్నాడు ఆయన.

నేను విన్నానా? మరునాడే ఒక వాగు వరద మీద చిత్తు రాస్తూ దాన్ని పెట్టాను. పేష్కారు చదివి అక్కడ ఆగిపోయాడు. నా వైపు చూడలేదు. కాసేపటికి మంచినీళ్లు తాగే నెపంతో లేచి, బీరువాలోంచి నిఘంటువు తీసి, గోడవైపు తిరిగి వెతుక్కున్నాడు. తిరిగొచ్చి, “బాగుంది, మా ఉస్తాద్ ఈ మాట ఎక్కువగా వాడేవారు” అన్నాడు. ఆ ఉస్తాద్ ఆ మాట వినికూడా ఉండడు. పచ్చి అబద్ధాన్ని అంత నింపాదిగా చెప్పగలిగినందుకే ఆయన పేష్కారయ్యాడు.

ఇక నా కళ్లు నెత్తికెక్కాయి. ఆ ఏడాది మా కచేరీ కాగితాల్లో ముఖీఫ్ కానిది లేదు. పాము ముఖీఫ్, బీటవారిన గోడ ముఖీఫ్, చెరకు తోటలో పడ్డ అడవిపందులు ముఖీఫ్. అరబ్బు దేశంలో తల్లి బిడ్డతో అనే మాటని నేను సర్కారు కాగితాల మీద ఊరేగించాను. తోటి మున్షీలు కూడా నేర్చుకుని వాడటం మొదలుపెట్టారు. మా నలుగురిలో ఎవరికీ జీవితంలో భయపడాల్సిన సంగతి ఒక్కటీ ఎదురుకాలేదు.

అలా ఉండగా యాభై ఆరు వచ్చింది. భాష ప్రకారం రాజ్యాలని మళ్లీ పంచుతున్నారన్నారు. మా రాజురాని హైదరాబాద్ నుంచి తీసి బొంబాయి రాజ్యంలో కలిపి, మొదట వేరే జిల్లాలో పెట్టి, ఆ తర్వాత నది అవతలి చాందా జిల్లాకి తగిలించారు. ఇప్పుడు చంద్రపూర్ అంటున్న ఊరే అప్పటి చాందా. మా కచేరీలో రాజ్యం మారిన వారంలోనే టోపీలు మారిపోయాయి. ఎర్ర రూమీ టోపీతో ఇరవయ్యేళ్లు తిరిగిన మున్షీ ఒకడు సోమవారం తెల్ల టోపీతో వచ్చి “నమస్కార్” అన్నాడు. పేష్కారు తన కూతురు చదివే మరాఠీ వాచకం తెచ్చుకుని, బల్ల కింద పెట్టుకుని అక్షరాలు దిద్దేవాడు. వచ్చిన కొత్త దొరలు నిజాం ఇలాకావాళ్లమని మమ్మల్ని ‘మొగలాయీవాళ్లు’ అనేవారు, మేమేదో పాత సామాన్ల కొట్లో దొరికినట్టు. మేం వాళ్లని చాటుగా తిట్టుకుని, ఎదురుగా వంగి నిలబడేవాళ్లం. నేను అందరికన్నా బాగా వంగాను. మరాఠీ ముందే వచ్చు కాబట్టి అనువాదం పని నాకిచ్చారు.

ఆ పని ఇది. పాత ఉద్యోగుల్లో ఎవర్ని కొత్త రాజ్యం నౌకరీలోకి తీసుకోవాలో తేల్చడానికి చాందాలో ముగ్గురు అధికారులు కూర్చుంటారు. ఒక్కొక్కడి గురించి ఒక కాగితం పంపాలి. దానిమీద చివర కైఫియత్ అని ఒక గడి ఉంటుంది. మనిషి ఎలాంటివాడో, ఏం పనికొస్తాడో అందులో రాయాలి. ఉర్దూలో ఒకటి, పక్కనే మరాఠీలో ఒకటి. రెండూ నేనే రాయాలి.

జమాదారుకి పింఛను రావడానికి ఇంకా రెండేళ్ల నౌకరీ ఉంది. కొత్త రాజ్యం తీసుకుంటే ఆ రెండేళ్లూ గడిచి ముసలితనానికి కూడు దొరుకుతుంది. తీసుకోకపోతే ముప్ఫయ్యేళ్లు చేసిందంతా మట్టే. ఇంట్లో కళ్లు కనిపించని భార్య. ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“బేటా, నా కాయిదం జర మంచిగ రాయి. నేను ఏమడుగుతలేను, గంతే.”

“మీరు చూస్తూ ఉండండి” అన్నాను.

మా పాత కచేరీల్లో ఒక ఆచారం ఉండేది. కాపలావాడి కైఫియత్‌లో వాడి రువాబు గురించి ఒక వాక్యం తప్పక ఉండాలి. చూడగానే జనం జంకాలి, అదే కాపలావాడికి గొప్ప యోగ్యత. ఆ వాక్యం లేకపోతే వాడు పనికిమాలినవాడని అర్థం. జాగీర్దార్ల కాలం నుంచీ అందరూ అలాగే రాశారు. నేనూ అలాగే రాశాను. మామూలుగా రాస్తే నా గొప్పేముంది? “ఈ మనిషి ముఖీఫ్. ఇతన్ని చూసినవాడు గడప తొక్కడానికి జంకుతాడు. పేరు వింటేనే జనం వణుకుతారు” అని రాశాను. ముడుల సంగతి రాయలేదు. అది రాయాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆయనకి చదివి వినిపించాను. ఆ మాట దగ్గరికి రాగానే ఆయన నోరు తెరిచి నన్నే చూశాడు.

“గది నా గురించేనా?”

“మీ గురించే.”

“మల్లొక్కసారి చదువు.”

మళ్లీ చదివాను. ఆయన ఒక చెయ్యి ఆ ఖాళీ ఒర మీద వేసుకుని నిటారుగా నిలబడ్డాడు. బాకు లాక్కున్న తర్వాత ఆయన్ని ఎవరైనా అంతటివాడన్నది అదే మొదటిసారి కాబోలు. ఒక నకలు రాసిమ్మన్నాడు, ఇంట్లో దాచుకుంటానని. రాసిచ్చాను. నాకూ మనసు ఉప్పొంగింది. ఆ తర్వాత పక్క గడిలో మరాఠీలో ‘భయంకర్’ అని రాసి, కింద గీత కూడా గీశాను. అర్థంలో వెంట్రుకవాసి తేడా రాకుండా అనువదించాను. చాందాలో వాళ్లు కూడా వెంట్రుకవాసి తేడా లేకుండానే అర్థం చేసుకున్నారు.

అందరం ఒకే రోజు చాందా వెళ్లాం. వర్ధా దాటడానికి పడవెక్కాలి. భయంకర్ జమాదారు పడవలో కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో నా చొక్కా పట్టుకుని కూర్చున్నాడు. తోటి మున్షీలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ముగ్గురి ముందు ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. అనువాదానికి నన్ను పక్కనే నిలబెట్టారు. జమాదారు లోపలికి వచ్చి సలాం చేశాడు. మధ్యలో కూర్చున్న అధికారి కాగితం చదివి ఆయన్ని ఎగాదిగా చూశాడు. గడ్డం చూశాడు, ఒర చూశాడు. జనం నీకు భయపడతారట, నిజమేనా అని మరాఠీలో అడిగాడు. నేను ఉర్దూలో అడిగాను. ముసలాయన ఛాతీ విరిచి, ఎన్నడూ లేనంత గొంతు తెచ్చుకుని, “జీ హుజూర్, గడప తొక్కరు” అన్నాడు. నన్ను నిలబెట్టాలని, నేను రాసింది అబద్ధం కాకూడదని అలా అన్నాడు.

ఒక అరబ్బు, అందులోనూ జనాన్ని వణికించే అరబ్బు. నలభై ఎనిమిది గడిచి ఎన్నేళ్లయిందని? ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. “అసా మాణూస్ నకో” అన్నాడు చివరివాడు, ఇలాంటి మనిషి మాకొద్దని. పచ్చ సిరాతో ఒక గీత గీశారు.

అప్పుడు నేను నోరు తెరవొచ్చు. అయ్యా, అదంతా మా కచేరీ డాంబికం, ఈయన ఈగని కూడా అదిలించడు, మీకు చదవడం రాని ఆ మూటలన్నిటికీ దారి ఈయన చేతుల్లో ఉంది అని రెండు ముక్కలు మరాఠీలో చెప్పొచ్చు. నాకు మరాఠీ బాగా వచ్చు. కానీ తరవాత పిలుపు నాదే. నేను నోరు మూసుకున్నాను. నన్ను తీసుకున్నారు.

తనకి నౌకరీ రాలేదని తెలిశాక జమాదారు ఏమైందని నన్నే అడిగాడు. వయసన్నాను, మరాఠీ రాకపోవడమన్నాను. “నువ్వు మంచిగనే రాసినవ్ బేటా, నా నసీబే గంత” అన్నాడు. ఆ మాట విని కూడా నేను నిజం చెప్పలేదు.

కొత్త దొరలు వెనక గదిని తెరిచి, జాబితా రాయడానికి మూటలన్నీ విప్పించారు. ముడులన్నీ పోయాయి. తర్వాత ఏడాదిపాటు ఏ ఊరి కాగితమూ దొరక్క, రైతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో నడిచి వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లారు. దొరలు మొగలాయీ అస్తవ్యస్తం అని విసుక్కున్నారు. అస్తవ్యస్తం చేసింది తామేనని వాళ్లకి ఎవరు చెప్తారు? నేనైతే చెప్పలేదు, తల ఊపాను. తల ఊపడంలో అప్పటికి నాకు మంచి అనుభవం ఉంది.

రెండేళ్లకి నన్ను చాందాకి బదిలీ చేశారు. బాబుపేట్‌లో మా మేనమామకి కలప డిపో ఉండేది. ఒక ఆదివారం పొద్దున అక్కడ కూర్చుని చాయ్ తాగుతుంటే జమాదారు గేటు లోపలికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నడుముకి పట్టీ లేదు. డిపోకి కాపలావాడు కావాలని ఎవరో చెబితే, ఆ నదిని ఒంటరిగా దాటి వచ్చాడు. నన్ను చూడగానే మొహం వెలిగింది.

“అల్లా పంపినట్టున్నవ్ బేటా. సేట్‌కు నా సర్టిఫికెట్ చదివి చెప్పు.”

జేబులోంచి తీసి ఇచ్చాడు. నేను రాసిచ్చిన నకలే. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డ అతికించాడు. ఈ రెండేళ్లలో ఎన్ని గేట్ల దగ్గర చూపించాడో, ఆ మడతలే చెబుతున్నాయి. మామకి ఉర్దూ రాదు. నన్ను చదవమన్నాడు.

చదివాను. ఎన్నేళ్లు చేశాడు, ఎక్కడ చేశాడు, ఒక్క ఫిర్యాదు లేదు. ఆ వాక్యాల దగ్గరికి వచ్చేసరికి వాటిని దాటేసి, “నమ్మకస్తుడు” అని చదివి కాగితం మడవబోయాను. మామ తల ఊపుతున్నాడు, పని దొరికినట్టే.

“బేటా, అస్సలు మాట ఇడిసిపెట్టినవ్” అన్నాడు ముసలాయన. మామ వైపు తిరిగి తానే చెప్పాడు. “నేను ముఖీఫ్ మనిషిని సేట్. నన్ను జూస్తే గడప తొక్కరు, పేరింటె వణుకుతరు. సర్కార్ల రాసిచ్చిన్రు.” చదవడం రాకపోయినా ప్రతి అక్షరం కంఠతా వచ్చు.

మామ గ్లాసు కింద పెట్టాడు. “భయపెట్టేటోడా? ఈడికి కట్టెపేళ్లు ఏరుకోను ఆడోళ్లు, పిల్లలు వస్తరు. అసొంటి మనిషి నాకెందుకు? ఏం అనుకోకు తాతా, వేరే జాగ చూసుకో.”

మామ కలప దింపుతున్న బండి దగ్గరికి లేచి వెళ్లాడు. జమాదారు నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఈ రెండేళ్లలో తనని వద్దన్న ఒక్కో గేటూ ఆయనకి గుర్తుకు రావడం ఆ మొహంలో నాకు కనిపించింది.

“గా దినం చాందాల గూడ గిదే చదివి వద్దన్నరా?”

“అవును.”

“నీకు నేను గట్ల కనవడ్డనా?”

“లేదు.”

“మరెందుకు రాసినవ్?”

జవాబు ఒక్కటే ఉంది. దానికి ముసుగు వేయడానికి నాకు వచ్చిన మూడు భాషల్లో ఏదీ సాయపడలేదు.

“మాట బాగుందని” అన్నాను.

మామ తిరిగొచ్చాడు. జమాదారు ఆయన్ని కాసిని మంచినీళ్లు అడిగి, నిలబడే తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కాగితం అడగలేదు, అది నా చేతిలోనే ఉంది. మామ గేటు వైపు చూసి, ముసలాయన మంచివాడిలాగే ఉన్నాడే, అలా ఎవడు రాశాడురా అని అడిగాడు.